అరువు గొంతు

రోజూ తెల్లారగానే వీధి మలుపులో హారన్ కొట్టే షూటింగ్ కారు ఆ ఉదయం రాలేదు. కూతురు తయారై కూర్చుంది. కాఫీ కూడా చల్లారిపోయింది. చివరికి తానే ప్రొడక్షన్ మేనేజరుకు ఫోన్ చేసింది.

"కారేంటమ్మా?" అన్నాడాయన. "నిన్న మీరేగా సీరియల్ మానేస్తున్నాను, సినిమా వచ్చిందన్నారు. రైటరుగారు రాత్రికి రాత్రే మీ పాత్రకి యాక్సిడెంట్ రాసేశారు. తెల్లదుప్పటి కింద ఎవరినో పడుకోబెట్టి ఇవాళ కానిచ్చేస్తున్నాం."

"నేను అన్నానా?"

"మీ గొంతు నాకు తెలీదా?"

ఆమె ఫోన్ దించి వంటింటి వైపు చూసింది. ఆ గొంతుతో మాట్లాడగలిగిన మనిషి ఇంట్లో ఇంకొకరున్నారు. వయసంతా డబ్బింగ్ థియేటర్లో హీరోయిన్లకు గొంతు అరువిచ్చిన మనిషి.

"అమ్మా, నిన్న నేను స్నానానికెళ్ళినప్పుడు ఎవరితో మాట్లాడావు?"

తల్లి గిన్నె తోముతూనే ఉంది. "సినిమావాళ్ళు ఫోన్ చేశారే. నువ్వయితే నసుగుతావు, రేపు చెప్తానంటావు. ఈలోగా ఇంకెవరో తన్నుకుపోతారు. అందుకే నేనే ఒప్పేసుకున్నాను."

"నాలాగా."

"నీలాగానే."

"ఆ చేత్తోనే సీరియల్లో నాకు నూకలు చెల్లించేశావు."

"ఏం సీరియలే అది? నువ్వు కళ్ళెర్రజేస్తే ముమ్మారు చూపిస్తారు. జనం కూరలు తరుగుతూ చూస్తారు. సినిమా అయితే చీకట్లో కూర్చుని నిన్నే చూస్తారు." తల్లి చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. "నా బతుకంతా ఆ గాజు గదిలో ఎవరెవరి పెదాలకో మాటలు అతికించాను. నా మొహం ఎవరికీ తెలీదు. నీ మొహమైనా తెలియాలనుకున్నా. తప్పా?"

"నన్ను అడక్కపోవడం తప్పు. ఆ పాత్ర మొదట్లో మూల నిలబడే కోడలు. దానికి నోరే లేదు. పోట్లాడి మాటలు రాయించుకున్నాను. సరే, సినిమాలో ఏం వేషం?"

"హీరోయిన్ అక్క."

"మాటలున్నాయా?"

తల్లి మళ్ళీ గిన్నె అందుకుంది.

"అడుగుతున్నాను."

"మాటలకేం, ఉన్నాయి. కాకపోతే నీ గొంతు కాస్త బరువట. వేరేవాళ్ళ చేత చెప్పిస్తామన్నారు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను." ఆ మాట తనకిప్పుడే వినపడినట్టు తల్లి ఆగిపోయింది.

కూతురికి గిన్నెలన్నీ విసిరికొట్టాలనిపించింది. "నా గొంతుతోనే నా గొంతు వద్దన్నావు," అంది.

తల్లి స్టూలు మీద కూలబడింది. చాలాసేపు కొంగు కళ్ళ మీది నుంచి తీయలేదు. తర్వాత చెయ్యి చాచింది. "ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

మేనేజరు పలికాడు.

"బాబూ, నిన్న మాట్లాడింది అమ్మాయి కాదు. నేను, వాళ్ళమ్మని."

"మీరిక ఏ గొంతుతో చెప్పినా ఫోన్లో నమ్మనమ్మా. వచ్చి డైరెక్టరుగారికి మొహం చూపించి చెప్పండి. ఇంకా దుప్పటి కప్పలేదు."

కూతురు అప్పటికే చెప్పులేసుకుంది. "సినిమావాళ్ళకి నేను చెప్తాను," అంటూ వీధిలో ఆటో ఆపి ఎక్కింది. కోపం ఇంకా చల్లారలేదు.

తల్లి గేటు దగ్గర తటపటాయించింది. "అంతమంది ముందు ఏమని చెప్పనే?"

"ఏం చేశావో అదే. నీ గొంతుతో."

అని, కూతురు పక్కకు జరిగి చోటిచ్చింది.