వెంకటరమణప్ప తెల్లన్నం

"మా నాయనకు నా పెండ్లాము విషం పెడతాండాదంట సార్. ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారు. శ్యామలను పుట్టింటికి తరిమేస్తారు," అన్నాడు చెంగల్రాయుడు.

మదనపల్లెలో ప్రైవేటు డిటెక్టివ్ మునిరత్నానికి అప్పటికే తల బొప్పికట్టి ఉంది. పంతొమ్మిది వందల ఎనభై రెండు నాటి ఎండలు, కరెంటు లేదు, పైగా విషం కేసు. అయినా సహాయకుడు దాసప్పను వెంటబెట్టుకుని చెంగల్రాయుడి ఊరు పెద్దపంజాణికి బస్సెక్కాడు. ఆయన విసుగులోనూ గొప్పతనం ఉందని దాసప్ప నమ్మకం.

చెంగల్రాయుడి తండ్రి వెంకటరమణప్ప మంచం మీద మూలుగుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. కనురెప్ప అదురుతోంది. పిక్కలు కొంకర్లు పోతున్నాయి.

"కోడలు అడుగుపెట్టిన్నాటి నుంచి నాకీ రోగం. రామకుప్పంలో మా చెల్లెలు బయ్యమ్మ ఇంట్లో నెల్లాళ్లు ఉంటే మనిషినైనాను. ఈడికొచ్చి ఈమె చేతి కూడు తింటానే మళ్లా మొదలు. ఇంకేం సాక్ష్యం కావల్ల?"

"మీ చెల్లెలు ఏం పెట్టింది?"

"ఏముంటాది పాపం, లేనోళ్లు. రాగిసంగటి, ఆకుకూర."

"ఈడ?"

"సన్నబియ్యం అన్నం, పెరుగు. ఊరికి పెద్దోణ్ణి, నాకేం తక్కువ?"

మంచం కింద చెంబులోని నల్లటి కషాయం వాసన చూసి దాసప్ప మొహం చిట్లించాడు. విరేచనాలకు వాడే సునాముఖి ఆకు.

"కడుపు కదలక రోజూ తాగతాండా," అన్నాడు ముసలాయన చిరాగ్గా.

వంటింట్లో అందరికీ ఒకే సంగటి కుండ, ముసలాయనకు మాత్రం వేరే గిన్నె.

"ఆ గిన్నె వండేది నేనే. అందుకే నా మీద పడినారు. చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది, ఒకరూ వినరు," అంది శ్యామలమ్మ. ఆమె ఏడవడం లేదు, ఉడికిపోతోంది.

అన్నం, కషాయం, ముసలాయన రక్తం పరీక్షకు వెళ్లాయి. ఆదివారం పెద్దమనుషులంతా పంచలో కూర్చున్నాక మునిరత్నం లేచాడు.

"యాడా విషం లేదు. ఈయన రక్తంలో మెగ్నీషియం అనే లవణం అడుగంటింది. నరాలు, కండరాలు సరిగ్గా పనిచేయాలంటే అది కావల్ల. రాగుల్లో, ఆకుకూరల్లో దండిగా ఉంటాది. తవుడంతా పోయేట్టు మర పట్టిన బియ్యంలో తక్కువ. ఉన్న కాస్తా రోజూ విరేచనాలతో పోయింది. చెల్లెలింట్లో బాగుపడింది కోడలు లేనందుకు కాదు, సంగటి తిన్నందుకు. ఆడ కషాయం తాగినారా?"

"లే... దాంతో పనే పడలే."

"సంగటి ఎప్పుడు మానినారు?"

వెంకటరమణప్ప నసిగాడు. "కొడుకు పెండ్లప్పుడు. వియ్యంకులు వస్తాపోతా ఉంటారు. నేను సంగటి మింగతా కనపడితే ఏమనుకుంటారు?"

"అదీ సంగతి. కోడలొచ్చిందీ అప్పుడే, మీరు సంగటి మానిందీ అప్పుడే. పరువు కోసం మీ రోగం మీరే తెచ్చుకుని, ఆ పిల్లను వీధిలో నిలబెట్టినారు." మునిరత్నం గొంతు పెరిగింది. ఈ మాట చెప్పడానికి తను రావాల్సి వచ్చిందనే ఆయన కోపం.

పెద్దమనుషులు తలలు దించుకున్నారు. ముసలాయన, "సరేలే, పొరపాటైపోయింది. శ్యామలా, పోయి సంగటి కెలుకు," అన్నాడు.

శ్యామలమ్మ కదల్లేదు.

"నా చేతి కూడు విషమని ఇంటింటా చెప్పినారు కదా మామా. కాదని ఆ ఇండ్లన్నిటికీ పోయి మీరే చెప్పిరాండి. అంతవరకూ కెలకను."

వెంకటరమణప్ప దిక్కుతోచక కొడుకు వైపు చూశాడు. చెంగల్రాయుడు లోపలికి పోయి, చేతికర్ర తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు.