అమ్మ గొంతుకు అందే పాట

చర్చిలో ఆదివారం ఆరాధన. రెండో పాట మొదలైంది. పొడవైన కిటికీల్లోంచి ఎండ వాలుగా పడుతోంది. అందులో దుమ్ము కణాలు బంగారు నలుసుల్లా తేలుతున్నాయి. పిట్ట కళ్లు సగం మూసుకుని పాడుతోంది. ఐదో తరగతి చదివే ఆ పిల్లను ఇంటా బయటా అందరూ పిట్ట అనే పిలుస్తారు. పాటలో పై స్వరం అందుకున్నప్పుడల్లా తనకు నిజంగానే ఎగిరిపోతున్నట్టు ఉంటుంది.

అంతలో పక్కన నిలబడ్డ అమ్మ గొంతు కలిపింది.

ఆ గొంతు గరగరమంటూ వచ్చింది. పై స్వరం దగ్గర విరిగింది, ఆగింది, మళ్లీ లేచింది.

"ఒరేయ్, ఎవరో తలుపు తీస్తున్నార్రా. కిర్రుమంటోంది!" వెనక బెంచీలో ఒక కుర్రాడు గుసగుసలాడాడు. పక్కవాడు కిసుక్కున నవ్వాడు.

పిట్ట చెవులు వేడెక్కాయి. అమ్మ చెయ్యి పట్టుకు లాగింది.

"అమ్మా, నువ్వు ఊరికే పెదాలు కదుపు. చాలు."

అమ్మ పిట్ట వైపు చూసింది. కోప్పడలేదు. కానీ ఆ తర్వాత పెదాలు కూడా కదపలేదు.

ఏడాది క్రితం అమ్మ గొంతులోంచి గడ్డ తీశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. అంతకుముందు అమ్మ ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర కూర్చునేది. కంగారుగా ఫోన్ చేసినవాళ్లు కూడా ఆమె "హలో" వినగానే కాస్త కుదుటపడేవారు. ఇప్పుడు అదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే గదిలో పని. గొంతు తిరిగి రావాలని పిట్ట నాలుగు నెలలు ప్రార్థన చేసింది. రాకపోయేసరికి మానేసింది.

బుధవారం బడి వదిలాక పిట్ట ఆ గదికి వెళ్లింది. అక్కడికి వెళ్లడమంటే తనకు ఇష్టం. ఎటు చూసినా తెల్లటి దుప్పట్లు. వాటి మధ్య ఆవిరి మెల్లగా కదులుతుంటే మబ్బుల్లో నడిచినట్టే ఉంటుంది. అమ్మ ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి పై వార్డులకు వెళ్లింది. అందరికంటే పాత మనిషి, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ ఒక్కతే ఉంది.

"ఏమే పిట్టా, మీ అమ్మ నోటికి తాళం వేసిందెవరే?" అంది పెద్దమ్మ.

పిట్ట ఉలిక్కిపడింది. "ఎందుకు పెద్దమ్మా?"

"మూడు రోజులైంది, పాట లేదు. ఈ మిషన్ల మోత వినలేక చస్తున్నా."

"అమ్మ పాట... బాగుండదు కదా."

"బాగుంటుందని నేనన్నానా? రంపంతో కోసినట్టే ఉంటుంది!" పెద్దమ్మ పకపకా నవ్వి, దుప్పటి రెండు కొసలు పిట్ట చేతికిచ్చింది. "గట్టిగా పట్టుకో, మడత పెడదాం. మా ఆయన పై వార్డులో పడి ఎన్నాళ్లయిందో నీకు తెలుసుగా. పొద్దున్నే ఆయన్ని చూసి దిగేసరికి కాళ్లలో సత్తువ ఉండదు. ఇక్కడేమో మీ అమ్మ ఆ పగిలిన గొంతుతోనే దేవుణ్ణి పొగుడుతూ ఉంటుంది. ఇంత పోగొట్టుకున్న మనిషే దేవుడి చెయ్యి వదల్లేదు, నేనెందుకు వదలాలి అనుకుంటా. అప్పుడు ఇస్త్రీపెట్టె పట్టుకుంటా."

ఇద్దరి మధ్య దుప్పటి గాలికి ఉబ్బి, మెల్లగా కిందికి దిగింది.

ఇంటికి నడుస్తుంటే పిట్ట అడిగేసింది.

"అమ్మా, మనం అంత ప్రార్థన చేశాం. దేవుడు నీ గొంతు తిరిగివ్వలేదు. అయినా ఆయనకే పాడతావెందుకు?"

"ఎందుకివ్వలేదో నాకూ తెలీదే. రోజూ అడుగుతూనే ఉన్నా."

"మరి?"

"ఆపరేషన్ గది దగ్గర నాన్నని కూడా బయటే ఆపేశారు. లోపలికి నేనొక్కదాన్నే వెళ్లా. కానీ ఒక్కదాన్నే ఉన్నట్టు అనిపించలేదు. యేసయ్య కూడా నొప్పి పడ్డవాడే కదా. చనిపోయి లేచినవాడే కదా. ఆయన నా పక్కనే ఉన్నాడనిపించింది. ఆ ధైర్యం గొంతుతో పాటు పోలేదు పిట్టా. ఇంకా ఉంది. అందుకే పాడబుద్ధేస్తుంది."

"మరి ఆదివారం ఆపేశావేం?"

"నీకు సిగ్గేసిందిగా తల్లీ," అంది అమ్మ, చాలా మామూలుగా.

పిట్ట తల దించుకుని అమ్మ చెయ్యి పట్టుకుంది.

మళ్లీ ఆదివారం వచ్చింది. పిట్ట అందరికంటే ముందే వెళ్లి కీబోర్డు దగ్గర నిలబడింది. దాన్ని వాయించే ఆయన మిగతా రోజుల్లో ఇళ్లలో వైర్లు బిగిస్తాడు. పిల్లలకు కరెంటు మావయ్య.

"మావయ్యా, రెండో పాట శ్రుతి తగ్గిస్తారా?"

"ఎంత?"

పిట్ట మొదటి లైను పాడి చూపించింది.

"అమ్మో, అంత కిందికా? అప్పుడే నిద్ర లేచినట్టు పాడాలి అందరూ!" మావయ్య నవ్వాడు. "అయినా, పై స్వరమంటే నీకు ప్రాణం కదా. అది పోతుందే."

"పోనీండి."

ఆయన పిట్టను చూశాడు. మూడో బెంచీలో వచ్చి కూర్చుంటున్న అమ్మను చూశాడు. ఇంకేమీ అడక్కుండా ఒక బటన్ నొక్కాడు.

పిట్ట వెళ్లి అమ్మ పక్కన చేరింది. రెండో పాట మొదలైంది. జనం తడబడి, సర్దుకున్నారు. పాట నేలను అంటుకుని పొగమంచులా మెల్లగా పాకింది.

"ఒరేయ్, ఇవాళ పాటకి జలుబు చేసిందిరా!" అన్నాడు వెనక కుర్రాడు.

పిట్ట తిరిగి చూడలేదు. అంత కింది స్వరం తనకు అందడం లేదు. గొంతు గీసుకుపోతోంది. కొన్నిచోట్ల గాలి తప్ప ఏమీ రావడం లేదు. అయినా ఆపలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె ముఖంలోకి చూస్తూ పాడింది.

మొదటి చరణం అయిపోయింది. రెండో చరణం కూడా అయిపోయింది.

మూడో చరణంలో అమ్మ గొంతు వచ్చింది. గరగరమంటూనే వచ్చింది. ఈసారి ఎక్కడా విరగలేదు.

పిట్ట తన గొంతు కాస్త తగ్గించి, దానికి చోటిచ్చింది.