మడతపెట్టిన ఫోటో

కామారెడ్డి బస్టాండ్ వెనక, ఒక మేడ మీది హాల్లో ఆదివారం పొద్దున రేకి పరిచయ తరగతి పెట్టారు. అదొక జపాన్ విద్య. మందూ మాకూ ఉండదు, అరచేతులు ఆనించి కూర్చుంటే ప్రాణశక్తి పారి నొప్పి పోతుందట. వచ్చినవాళ్లలో సగం మంది మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కినవాళ్లే. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన అనిల మాత్రం బీడీల చాట ఇంట్లో పడేసి, ఒక్క మాట అడగడానికే వచ్చింది.

"మా ఆయన భూపాల్ షార్జాల ఉన్నడు మేడం. పనికాడ మీదికెల్లి పడి నడుం పోయింది. మంచంలనే ఉన్నడు. గంత దూరం పోతదా ఇది?"

నేర్పే రాజశ్రీ మేడం నవ్వింది. "దూరమున్నోళ్లకు పంపుడు రెండో క్లాసుల చెప్తం. సరే, ఆయన కాయితం ఫోటో రెండు చేతుల నడుమ పెట్టుకో. రోజూ అరగంట. ఫోటోల ఆయనొక్కడే ఉండాలె, యాదిపెట్టుకో."

రెండో క్లాసు దాకా ఆగే ఓపిక అనిలకు లేదు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు కదా.

ఇంట్లో భూపాల్ ఫోటోలన్నీ ఫోన్లోనే ఉన్నాయి. కాగితం మీద ఉన్నది ఒక్కటే. పోచారం చెరువు కట్ట మీద అన్నదమ్ములిద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డది. ఆ సాయంత్రమే అన్న బాలమల్లు ఈతకు దిగి మళ్లీ పైకి రాలేదు. ఆరేళ్లయింది. అనిల కత్తెర తీయగానే అత్త పెద్దవ్వ చెయ్యి పట్టుకుంది.

"బతికున్నోని ఫోటోకు కత్తెర పెడ్తరా పిల్లా? మడత పెట్టు, సాలు."

మడత పెట్టింది. భూపాల్ ముఖం కుడి అరచేతికి ఆనింది. వెనక్కి మడిచిన బాలమల్లు ముఖం ఎడమ అరచేతికి ఆనింది. పిచ్చిది, ఆ సంగతి ఆలోచించనే లేదు.

మొదటిరోజు రెండు చేతులూ సెగ తగిలినట్టు వేడెక్కాయి. భూపాల్ ఫోన్ చేసి, "ఇయ్యాల మంచిగ నిద్రపట్టింది" అన్నాడు. అనిల సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

మూడోరోజు కుడి చెయ్యి చల్లబడింది. ఎడమ చెయ్యి మాత్రం కాలుతూనే ఉంది. గదిలో ఎప్పుడూ ఉండే బీడీల తునికాకు వాసన పోయి, నాచు వాసన నిండింది. ఆరోజు భూపాల్ గొంతు సన్నగా వినిపించింది. "నొప్పి లేదు గని... కాళ్లు నీళ్లల్ల పెట్టినట్టున్నయి అనిలా."

తను పంపేది సరిపోవడం లేదనుకుంది. అరగంటను గంట చేసింది.

ఐదోరోజు సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు లేదు. పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగులో నీళ్లు మసులుతున్నాయి.

"గిప్పుడు నీళ్లెందుకు అత్తమ్మా?" చేతుల నడుమ ఫోటోతో, అనిల కళ్లు మూసుకునే అడిగింది.

చాప మీద ఫోన్ మోగింది. పెద్దవ్వే వంగి స్పీకర్ నొక్కింది. షార్జాలో భూపాల్ గదిలో ఉండే సీతారాం గొంతు.

"వదినా... అన్న నోట్లకెల్లి నీళ్లొస్తున్నయి. తాగింది గుక్కెడే. గిన్ని నీళ్లు ఏడికెల్లి... ఊపిరాడ్తలేదు వదినా!"

అనిల కళ్లు తెరిచింది. ఎడమ అరచేతి కింద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. చేతులు విడదీయబోయింది.

పెద్దవ్వ ఎదురుగా కూర్చుని, కోడలి రెండు చేతులనూ తన చేతులతో కలిపి పట్టేసింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు. కదలనివ్వలేదు.

"ఇడువు అత్తమ్మా... నీ కొడుకే సస్తున్నడు!"

"ఇద్దరు నా కొడుకులే." గుసగుసగా అంది పెద్దవ్వ. కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నాయి, పట్టు మాత్రం సడలలేదు. "చిన్నోనికి ఆరేండ్లు ఎక్కువొచ్చినయి బిడ్డా..."

ఫోన్లో ఒక గురక. ఇంకొకటి... తర్వాత సీతారాం ఏడుపు.

పెరట్లో ఎవరో కాగులోంచి నీళ్లు ముంచుకున్నారు. ఒక చెంబు. ఆగి, ఇంకో చెంబు. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. నాలుగు చేతులూ ఇక్కడే ఉన్నాయి.

తడక అవతల దగ్గు వినిపించింది. గొంతులో నీళ్లు గరగరలాడుతున్న దగ్గు.

"అవ్వా... ఇంకా సలి పెడ్తనే ఉన్నది. చెయ్యి తియ్యద్దని చెప్పు."