ఇంగ్లీషు తప్ప

సంజీవరావు గారు పొద్దున్నే గడ్డం గీసుకుంటూనే ఊరందరికీ మార్కులు వేసి పరీక్ష తప్పించేసేవారు. నెల్లూరు దగ్గర వెంకటాచలంలో, మిషన్ బళ్ళో ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పి, పోయినేడు రిటైరైన మనిషి ఆయన. ఇంటి ముందరి పంచలో స్తంభానికి అద్దం తగిలించుకుని, చెంపలకి సబ్బు నురగ పట్టించి, రోడ్డున పోయే ఒక్కొక్కరినీ చూసి పెదవి విరిచేవారు. మద్రాసు బస్సు కండక్టరు బండి ఆపమని "ఓల్డాన్" అని అరిస్తే, "హోల్డ్ ఆన్ రా, చవటా" అని అద్దంతో చెప్పేవారు. పాస్టరు క్రీస్తురాజు గారి ఇంగ్లీషు ప్రార్థన తలుచుకుంటే మాత్రం కత్తి పక్కన పెట్టి మరీ నవ్వుకోవాల్సిందే. "దేవుడు గనక ఓర్చుకుంటున్నాడు!"

ఆయన తలకి పైన, గోడమీద, పచ్చరంగు బోర్డు ఉంది. దానిమీద తెల్లటి అక్షరాలు: ఎస్. సంజీవరావు, బి.ఏ. ఊరందరికీ ఆయన బి.ఏ. అయ్యవారే.

ఆ మంగళవారం ఆయన ఒక్కగానొక్క కూతురు ఆనందకుమారి కాఫీ తెచ్చి అరుగు మీద పెట్టి, కదలకుండా అక్కడే నిలబడింది. న్యూయార్కులో ఎం.ఏ. చేసి మూడు నెలల కిందటే తిరిగొచ్చింది. నెల్లూరులో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరి రోజూ బస్సులో పోయొస్తోంది.

"నాయనా, సాయంత్రాలు ఈ పంచ నాకు కావాల. ఎస్సెల్సీలో ఇంగ్లీషు తప్పినోళ్ళకి పాఠం చెప్తా. రేపు శ్రీహరికోటలో రాకెట్ల కేంద్రం వస్తే ఎన్నో ఉద్యోగాలొస్తాయంట. మనోళ్ళు ఇంగ్లీషు కాడే ఆగిపోతుండారు. రైలు గేటు చెంగయ్య కూడా వస్తానన్నాడు."

"చెంగయ్యా? అయిదుసార్లు తప్పినోడు! వాడొచ్చి నా బోర్డు కింద కూర్చుంటాడా? ఈ నీచపు ఆలోచన నీకు ఎవురు పెట్టినారు?"

"ఎవురూ పెట్టలా. న్యూయార్కులో పోర్టోరికో వాళ్ళ కోసం పెట్టిన కాలేజీలో సాయంత్రాలు పాఠం చెప్పినానని జాబులు రాసినా కదా."

"ఆ, చదివినా. పోర్టర్ల కాలేజీ."

"పోర్టర్లు కాదు, పోర్టోరికో. అదొక దీవి నాయనా. చెరకు నరికి బతికేవాళ్ళు."

"మూటలు మోసేవాళ్ళేగా? అయితే పోర్టర్లే."

ఆనందకుమారికి చెంపలు ఎర్రబడ్డాయి. అయినా గొంతు పెంచలేదు.

"పని కోసం న్యూయార్కుకి వచ్చినారు. హోటళ్ళలో అంట్లు తోమినారు, ఫ్యాక్టరీల్లో బట్టలు కుట్టినారు. పిల్లలు కాలేజీ గడప తొక్కబోతే, 'మీకు ఇంగ్లీషు సరిగా రాదు, పోండి' అన్నారు. చుట్టుపక్కల దీవులనుంచి వచ్చినోళ్ళకీ అంతే. పిల్లలూ, వాళ్ళ వెనక తల్లులూ రోడ్డెక్కినారు, మా పేటలోనే మాకు కాలేజీ కావాలని. పాతబడిన గిడ్డంగిలో మొదలుపెట్టినారు. అక్కడ చరిత్ర, లెక్కలు ముందు వాళ్ళ భాష స్పానిష్‌లోనే చెప్తారు. ఇంగ్లీషు పక్కనే నిదానంగా నేర్పుతారు. ఇంగ్లీషు రాలేదని, చరిత్ర వచ్చినోణ్ణి ఎవురూ ఇంటికి పంపరు."

సంజీవరావు గారి కత్తి చెంప మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత మరింత గట్టిగా గీరింది.

"అది కాలేజీ కాదు, సత్రం. తప్పినోడు తప్పినట్టే ఉండాల. సిగ్గుండాల వాడికి!"

"సరే నాయనా. నెల్లూరులో గది చూసుకుంటా. అక్కడే ఉంటా, అక్కడే చెప్పుకుంటా."

వంటింట్లో బియ్యం ఏరుతున్న సామ్రాజ్యమ్మ ఆ మాట విని చేటతోనే బయటికి వచ్చింది.

"ఎవురికి సిగ్గుండాల? ఇంకోసారి అనండి, బి.ఏ. అయ్యవారూ!"

"నువ్వు లోపలికి పోమే."

"పోను. నా బిడ్డని ఇంట్లోంచి పంపిస్తారా? అమ్మీ, ఆ బోర్డు మీద 'ఏ' తర్వాత చెయ్యి పెట్టి చూడు."

ఆనందకుమారి బోర్డు మీద వేలు పెట్టింది. అక్కడ రంగు మందంగా, గరుగ్గా ఉంది. దాని కింద ఏవో అక్షరాలు వేలికి తగిలాయి.

"నా పెళ్ళి నాటికి అక్కడ బ్రాకెట్టులో ఇంకో ముక్క ఉన్నింది. మీ నాయన చరిత్రలో కాలేజీకే ఫస్టు, తెలుగులో ఫస్టు. ఇంగ్లీషు ఒక్కటే తప్పినారు. ఒకసారి ఆరు మార్కులు తక్కువై, ఒకసారి నాలుగు తక్కువై, ఆఖరుసారి ఒకటిన్నర మార్కు తక్కువై. అందుకే హైస్కూల్లో ఉద్యోగం రాలా, చిన్న బళ్ళోనే ఉండిపోయినారు. నిన్ను బళ్ళో వేసిన రోజు పచ్చరంగు తెచ్చి ఆ ముక్క కప్పేసినారు."

సంజీవరావు గారు కూతురు వైపు తిరగలేదు. అద్దంలోంచే చూశారు. ఆ పెదవి విరుపు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు, రోజూ అదే అద్దంలో చూసుకుంటున్నదే. ఇప్పుడు అది తన కూతురి మొహం మీద కనిపిస్తుందని ఎదురుచూశారు.

కనిపించలేదు.

"ఆ ఒకటిన్నర మార్కు ఎక్కడ పోయింది నాయనా?" అని అడిగింది, టీచరు పిల్లవాణ్ణి అడిగినట్టు.

ఆయన కత్తి అరుగు మీద పెట్టారు. "వ్యాసంలో. మీ ఊరి గురించి రాయమన్నారు. మా అమ్మ కూలికి పోయిన కొఠారు గురించి, సముద్రపు నీళ్ళు ఎండబెట్టి ఉప్పు తీసే మళ్ళ గురించి రాసినా. కొఠారుకి ఇంగ్లీషు మాట తెలీలా. కొఠారు అనే రాసొచ్చినా."

"అదే మాట రాయొచ్చు నాయనా. కింద ఒక్క వాక్యంలో అదేందో చెప్తే చాలు. నా క్లాసులో దానికి మార్కులు కోయను."

ముప్ఫై ఏళ్ళు ఊరినంతా తప్పించిన మనిషి సబ్బు నురగలోనే ఏడ్చారు. సామ్రాజ్యమ్మ చేట కింద పెట్టి తన కొంగుతో ఆయన మొహం తుడిచింది. సగం గడ్డం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం చెంగయ్య నోటుబుక్కు చంకలో పెట్టుకుని వాకిట్లో తచ్చాడుతున్నాడు. పంచలో చాప పరిచి ఉంది. గోడమీద బోర్డు గడ్డం కత్తితో గీకిన గీతలతో వికారంగా ఉంది.

"అయ్యా, ఆ బ్రాకెట్టు కొత్తగా ఉండాదే?"

"పాతదే. చదువు," అన్నారు సంజీవరావు గారు.

చెంగయ్య ఆ గీతల మధ్య కూడబలుక్కుని చదివాడు. "ఎస్. సంజీవరావు, బి.ఏ. (ఇంగ్లీషు తప్ప)."

చదివి, నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు. చాప మీద నోటుబుక్కు తెరుచుకుని కూర్చున్న సంజీవరావు గారు అతనికి చోటిస్తూ పక్కకి జరిగారు.

రోడ్డు మీద మద్రాసు బస్సు వచ్చింది. "ఓల్డాన్" అని కండక్టరు అరిచాడు. చెంగయ్య భయంభయంగా ఆయన మొహం చూశాడు.

"బస్సు ఆగిందా?" అన్నారు సంజీవరావు గారు.

"ఆగింది అయ్యా."

"మరింకేం. కూర్చో."