బావి గట్టు మీద దీపం

వాల్‌సేరా కోటలో, పాత ప్రార్థనాలయం వెనక ఒక బావి ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్లరు. పగటిపూట నీళ్లు తోడుకునేవాళ్లు కూడా అక్కడ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. దగ్గుతారు, ఈల వేస్తారు, చెయ్యి ఊపుతారు. పేరు మాత్రం నోట రానివ్వరు.

దానికి కారణం ఉంది. ముందు తరాల్లో ఫద్రీక్ అనే పసిరాజు ఆడుకుంటూ ఆ బావిలో పడ్డాడు. పడ్డాడో, పడేశారో... ఆ మాట అనే ధైర్యం అప్పుడు ఎవరికీ లేదు, ఇప్పుడు ఎవరికీ అక్కర లేదు. శవం దొరకలేదు.

ఆ రాజ్యంలో రాజు ఊపిరి ఆగినంత మాత్రాన చనిపోయినట్టు కాదు. కోట దళపతి మంచం ముందు నిలబడి మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. జవాబు రాకపోతే ‘ప్రభువు పలకడం లేదు, కనుక లేరు’ అని చేతిలో బెత్తం విరిచేయాలి. అప్పుడే అది చావు. శవమే దొరకని ఫద్రీక్‌ను ఎవరూ అలా పిలవలేదు. అందుకే ఆ పిల్లాడు ఇంకా కిందే ఉన్నాడని, ఎవరైనా పిలుస్తారేమోనని చెవులు రిక్కించుకుని ఉన్నాడని అక్కడి జనం అంటారు.

బ్రియాందా రాణి ఇవేవీ నమ్మలేదు. కోడలిగా వచ్చిన కొత్తలో విని నవ్వింది. పోయినవాళ్ల పేర్లు పుట్టినవాళ్లకు పెట్టడం ఆ వంశంలో ఆచారం. తన కొడుక్కి ఫద్రీక్ అని పెడుతుంటే ఆమె అడ్డు చెప్పలేదు. ఆ పేరుతో వాణ్ణి ఎన్నడూ పిలవనూ లేదు. ఆమెకు వాడు గువ్వ.

గువ్వకు చీకటంటే భయం. దీపం తీసేస్తే నిద్ర పట్టదు.

ఆకులు రాలే రోజుల్లో ఆమె భర్త వేటలో గుర్రం మీంచి పడ్డాడు. మూడుసార్లు పిలిచారు. బెత్తం విరిగింది. పాలపళ్లు ఇంకా ఊడని గువ్వ రాజయ్యాడు. వాడు పెద్దయ్యేదాకా వాడి పేర రాజ్యం నడిపే భారం బ్రియాందా మీద పడింది. సభలో ఆమె మాట చెల్లేది. ఉప్పు మీద పన్ను తగ్గించింది, పొరుగు రాజ్యంతో మేత భూముల తగాదాను కత్తి దూయకుండా తీర్చింది. కానీ ఆ అధికారమంతా ఒక పసివాడి ఊపిరికి వేలాడుతోందని అందరికీ తెలుసు. ఆమె మరిది గార్సెరాన్‌కు మరీ బాగా తెలుసు. గువ్వ లేకపోతే రాజు తనే.

మంచు పడే వేళకు గువ్వకు జ్వరం తగిలింది. ఒళ్లు కాలిపోయింది. మాట పడిపోయింది. కళ్లు మూసినవాడు మళ్లీ తెరవలేదు.

గార్సెరాన్ గది గడప దాకా వచ్చాడు.

“వదినగారూ, రాజుగారు ఇవాళ కూడా నిద్రలోనే ఉన్నారా? మా అన్నయ్యకూ బద్ధకమే గానీ, మరీ ఇంత కాదే!”

“జ్వరం. తగ్గుతోంది.”

“తగ్గితే సంతోషం. సభలో మాత్రం ఇంకోలా అనుకుంటున్నారు. రాణిగారు శవానికి జావ పట్టిస్తున్నారని.”

“నోరు జాగ్రత్త, గార్సెరాన్.”

“నా నోటిదేముంది వదినా? రేపు పొద్దున్నే దళపతి వచ్చి పిలుస్తాడు. రాజుగారు ఒక్కసారి పలికితే చాలు... అందరికంటే ముందు నేనే మోకాళ్ల మీద పడతాను.”

పలకకపోతే? ఆ ప్రశ్న ఆమె అడగలేదు. బెత్తం విరిగాక మంచం మీద ఇంకా ఊపిరి ఆడుతోందా అని ఎవరూ చూడరు. ఆడుతూ ఉంటే, ఆపడానికి ఒక దిండు చాలు.

వైద్యుడు చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. చీకటి పడింది. గువ్వను పాలిచ్చి పెంచిన దాది మెన్సియా మంచం పక్కన తడిగుడ్డ పిండుతూ, తల ఎత్తకుండా గొణిగింది.

“అమ్మగారూ... ఒక మాట చెబితే కోప్పడరు కదా?”

“చెప్పు.”

“జ్వరం రాకముందు చిన్నదొర ఆ బావిలోకి తొంగి చూసి కేకేశాడు. నేను చూశాను. గొంతు నీళ్లలో పడిపోయిందమ్మా. మా ఊళ్లో ఇలా అయితే తల్లి వెళ్లి పిలుచుకొస్తుంది.”

బ్రియాందా కిటికీలోంచి బావి వైపు చూసింది.

“మూడే పిలుపులు. నాలుగోది పనిచేయదు. మీరు ఇంట్లో పిలిచినట్టే పిలవండి, గువ్వా అని. రాజుగారి పేరు మాత్రం వద్దు తల్లీ... ఆ పేరు వీడొక్కడిదే కాదు.”

ఇంకో రోజైతే నవ్వేది. లాంతరు అందుకుని లేచింది.

ప్రార్థనాలయం వెనక గాలి లేదు. తాడు మంచుకు కర్రలా బిగుసుకుపోయింది. లాంతరు గట్టు మీద పెట్టి, రెండు చేతులూ రాయికి ఆనించి వంగింది. లోపల ఏమీ కనిపించలేదు. నల్లగా... లోతుగా... అంతే.

“గువ్వా!”

ఆమె గొంతే కిందికి పోయి, పైకి వచ్చింది.

ఆగింది. చెవి ఒగ్గి వింది.

“గువ్వా... నాన్నా, రా!”

ఎక్కడో ఒక చుక్క నీళ్లలో పడింది. తర్వాత అదీ లేదు.

ఒక్క పిలుపు మిగిలింది. ఆమెకు మంచం ముందు నిలబడిన దళపతి కనిపించాడు. అతను గువ్వా అని పిలవడు. ఫద్రీక్ అని పిలుస్తాడు. ఆ పిలుపుకు వాడు పలకాలి. పలకాలి... పలక్కపోతే ఆ దిండు...

గువ్వా అనే అందామనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇంకొకటి.

“ఫద్రీక్!”

నిశ్శబ్దం.

తర్వాత, చాలా లోతు నుంచి, ఒక పిల్లాడి గొంతు —

“వస్తున్నా.”

ఆమెకు భయం వేయలేదు. ఏడుస్తూ పరుగెత్తింది. లాంతరు గట్టు మీదే ఉండిపోయింది.

తెల్లవారింది. ప్రభువులు గది నిండా నిలబడ్డారు. దళపతి ముందుకు వచ్చాడు.

“ఫద్రీక్ ప్రభూ!”

మంచం మీద కదలిక లేదు.

“ఫద్రీక్ ప్రభూ!”

గార్సెరాన్ రాజు వైపు చూడటం లేదు. బెత్తం వైపు చూస్తున్నాడు. దళపతి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఫద్రీక్ ప్రభూ!”

పిల్లాడు కళ్లు తెరిచాడు.

“ఉన్నాను,” అన్నాడు, స్పష్టంగా.

గార్సెరాన్ మోకాళ్ల మీద పడ్డాడు. పడి, లేవడం మరిచిపోయాడు. వెనకనుంచి ఒక ముసలి ప్రభువు అతని భుజం తట్టాడు. “ఇక లేవండి దొరా, నేల చల్లగా ఉంది. కీళ్లు పట్టేస్తాయి.” ఎవరో కిసుక్కున నవ్వారు. నడవంతా జయజయధ్వానాలు మోగాయి.

తలుపులు మూసుకున్నాయి. బ్రియాందా మంచం మీదికి వంగింది.

“గువ్వా...”

వాడు తల తిప్పలేదు.

“గువ్వా, నాన్నా!”

అప్పుడు చూశాడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు, మర్యాదగా.

“ఆ దీపం తీసేయండి. కళ్లు మండుతున్నాయి,” అన్నాడు. గది అంతా ఒకసారి వెతికి చూసి, నెమ్మదిగా అడిగాడు —

“మా అమ్మ ఏది?”

మెన్సియా శిలువ గుర్తు వేసుకుని గోడకు ఒదిగిపోయింది. బ్రియాందా కిటికీ దగ్గరికి నడిచింది. కింద బావి గట్టు మీద, రాత్రి వదిలేసిన లాంతరు ఇంకా వెలుగుతోంది. అటునుంచి సన్నగా ఏదో వినిపించింది. గాలి కావచ్చు. గాలి లేదు.

ఆమె దగ్గర ఇంకో పిలుపు లేదు.

ఆ తర్వాత కొడుకు పేర ఏళ్ల తరబడి రాజ్యం ఏలింది బ్రియాందా. గట్టిగానే ఏలింది. గార్సెరాన్ మళ్లీ నోరెత్తలేదు. రాజుకు మీసాలు వచ్చాయి, కిరీటం అందుకున్నాడు. దీపం ఆర్పితే గాని నిద్రపోడన్న మాటే గాని, అతని మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు.

బావి గట్టున మాత్రం రాత్రంతా లాంతరు వెలగాలని రాణి ఆజ్ఞ. మంచు తుఫానులో ఆరిపోతే తనే లేచి వచ్చి వెలిగించేది. పెదవులు కదిలేవి, పిలుపు బయటికి వచ్చేది కాదు.

“నీళ్లకు వచ్చేవాళ్లు ఎవరూ లేరు కదమ్మా, ఎవరి కోసం ఈ దీపం?” అని కొత్తగా వచ్చిన కాపలావాడు ఒకడు అడిగాడట.

“వాడికి చీకటంటే భయం,” అందట రాణి.