ఊఫర్‌కి తాళం

ఉత్తరాదిన ఉక్కు ఫ్యాక్టరీల ఊరిని ఆనుకున్న బాగ్‌బేరాలో, రైల్వే యార్డు పక్కన కాపురముండేవాళ్ళు చప్పుళ్ళని పట్టించుకోరు. రాత్రనక పగలనక గూడ్సు డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి, వంటింట్లో గిన్నెలు గలగలమంటూనే ఉంటాయి. ఊరినుంచి వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడితే ఇంటివాళ్ళకి అదో సరదా. గౌరీశంకర్ పుట్టి పెరిగింది ఆ చప్పుళ్ళలోనే. అలాంటివాడు 2003 ఆగస్టులో, ఒక ఆదివారం పట్టపగలు, ఒక చిన్న చప్పుడుకి వణికిపోయాడంటే నమ్మడం కష్టమే. కానీ వణికిపోయాడు.

ముందు హోం థియేటర్ సంగతి చెప్పాలి. ఆ ఏడాది మొదట్లో ముచ్చటపడి కొన్నాడు. ఐదు చిన్న స్పీకర్లూ గోడలెక్కాయి. ఆరోది ఊఫర్. నల్లటి చెక్కపెట్టె, బియ్యం డబ్బా అంత ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక టీవీ పక్కన నేలమీదే పెట్టి, డప్పులున్న పాటొకటి వేశాడు. నేల అదిరింది. గుమ్మంలో కూర్చుని వీధిని చూస్తున్న అతని తండ్రి తవిటయ్య గబుక్కున వెనక్కి తిరిగాడు.

అందరూ కొయ్యబారిపోయారు. ఎందుకంటే తవిటయ్యకి బ్రహ్మచెవుడు. ఆదిత్యపూర్‌లో ఇనుము కాల్చి సాగ్గొట్టే ఒక ఫోర్జింగ్ షాపులో ముప్ఫై ఏళ్ళు పెద్ద హామర్ దగ్గర పనిచేసి, చెవులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చిన మనిషి. ఆ హామర్ దగ్గర ఎవరి మాటా ఎవరికీ వినపడదట. అందుకని భుజాల మీద తట్టుకుంటూ మాట్లాడుకునేవారట. ఒక దెబ్బకి అర్థం, సరే తెలిసింది. రెండు దెబ్బలంటే ఆపు. మూడంటే నా దగ్గరికి రా. ఆ భాషే ఇంటికీ వచ్చింది. మంచం కోడు మీద మూడు దెబ్బలు వినబడితే గౌరీశంకర్ చిన్నప్పుడు అన్నం దగ్గర్నుంచైనా లేచి వెళ్ళేవాడు. ఇప్పుడు అతని కూతురు దేవికి ఆరేళ్ళు. ఇంట్లో తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబు చెప్పే ఆ పిల్ల, తాతతో మాత్రం దెబ్బల్లోనే మాట్లాడేది.

తవిటయ్య పాక్కుంటూ వచ్చి పెట్టెమీద అరచెయ్యి ఆన్చాడు. ముసలాయన మొహం మారిపోయింది.

"ఓలమ్మ! ఇంటన్నాన్రా గౌరీ! ఇంటన్నాను!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

కుర్రతనంలో శ్రీకాకుళం దగ్గర వాళ్ళ ఊళ్ళో తప్పెటగుళ్ళ జట్టులో ఆడేవాడాయన. గుండెమీద రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా దాన్ని వాయిస్తూ తెల్లవార్లూ గెంతేవాడు. అందుకే కాబోలు, రోజూ సాయంత్రం ఆ పెట్టెని గుండెకి హత్తుకుని కూర్చునేవాడు. చెవుల్లోంచి పోయిన పాట ఎముకల్లోంచి వచ్చేది. పక్కన దేవి కూడా బుగ్గ ఆన్చి కూర్చునేది. ఇద్దరూ ఒకే తాళానికి తలలూపుతుంటే గౌరీశంకర్ భార్య రత్నం పని ఆపి చూసేది.

ఇంతవరకూ బాగానే ఉంది.

ఒకరోజు క్రికెట్టు మ్యాచి చూడ్డానికి గౌరీశంకర్ పనిచేసే డిపార్టుమెంటువాళ్ళు ముగ్గురు వచ్చారు. తవిటయ్య ఎప్పట్లాగే లుంగీ ఎగ్గట్టుకుని, కళ్ళు మూసుకుని, పెట్టెని వాటేసుకుని కూర్చున్నాడు. నోటి చివర సొంగ కారుతోంది. వచ్చినవాళ్ళలో ఒకడు "బుడ్ఢేకా పురానా ప్యార్ హై క్యా?" అన్నాడు, ముసలాడి పాత ప్రియురాలా ఇది అన్నట్టు. ముగ్గురూ పగలబడి నవ్వారు. గౌరీశంకర్ కూడా నవ్వాడు. నవ్వినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు కాస్తా నవ్వినవాళ్ళ మీద కాకుండా తండ్రి మీద కోపమైంది.

మర్నాడే వడ్రంగి బలరామ్‌కి కబురు పెట్టాడు. ఊఫర్ మోతకి గోడ అదురుతోందని పక్కింటి వరహాలమ్మ గోల పెడుతోందని రత్నానికి చెప్పాడు. వరహాలమ్మ పాపం ఎప్పుడూ ఆ మాట అనలేదు. టీవీ కింద క్యాబినెట్ కట్టి, ఊఫర్ని అందులో పెట్టించి, చుట్టూ ఫోమ్, కింద రబ్బరు, ముందు మందపాటి ప్లైవుడ్ తలుపు, దానికి తాళం పెట్టమన్నాడు. బలరామ్ తల అడ్డంగా ఊపాడు. ముందువైపు జాలీ గుడ్డ వెయ్యాలనీ, వెనక జానెడు ఖాళీ వదలాలనీ, ఈ పెట్టె గాలి పీల్చి వదుల్తుందనీ చెప్పాడు.

"బంద్ మత్ కీజియే సాబ్. దమ్ ఘుట్ జాయేగా ఇస్‌కా."

ఊపిరాడక పోతే పోనీ అన్నాడు గౌరీశంకర్. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

తవిటయ్య ఆ సాయంత్రం క్యాబినెట్ తలుపు మీద అరచెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. చెక్కకి బుగ్గ ఆన్చాడు. ఏమీ లేదు. కొడుకు దగ్గరికొచ్చి, "ఒరే గౌరీ, పెట్టి సచ్చిపోనాదేట్రా? ఒక్కపాలి బయటెట్టరా," అన్నాడు. గౌరీశంకర్ చేత్తో తర్వాత తర్వాత అన్నట్టు సైగ చేశాడు. మర్నాడూ అదే సైగ. చెవిటివాణ్ణి మోసం చెయ్యడం ఎంత తేలికో అతనికి అప్పుడే తెలిసింది. తెలిసీ మానలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం. రాత్రి డ్యూటీ చేసొచ్చి గౌరీశంకర్ లోపలి గదిలో నడుం వాల్చాడు. రత్నం, దేవి ఇంట్లో లేరు. హాల్లో చెక్కమీద మూడు దెబ్బలు. మళ్ళీ మూడు. తాళంచెవి కోసం సతాయిస్తున్నాడనుకున్నాడు. మళ్ళీ మూడు. దిండు తీసి చెవిమీద నొక్కుకున్నాడు. చాలాసేపటికి, నెమ్మదిగా, ఒకే ఒక్క దెబ్బ వినిపించింది. సరే అన్నట్టు. ఆ తర్వాత ఇంకేం వినపడలేదు.

నాలుగింటికి రత్నం వచ్చి చూసేసరికి తవిటయ్య క్యాబినెట్ తలుపుకి నుదురు ఆన్చి కూర్చునే ఉన్నాడు. ఒళ్ళు చల్లబడింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు, సమయానికి ఎవరైనా చూసి ఉంటే బతికేవాడేమోనని కూడా అన్నాడు. "మంచి నిద్రలో ఉన్నాను, ఏటీ ఇనబళ్ళేదు," అన్నాడు గౌరీశంకర్. అందరూ నమ్మారు. పోనీలే బాబూ, నీ తప్పేటుందని వరహాలమ్మ అతని వీపు నిమిరింది. ఆ చెయ్యి తగిలినచోట అతనికి వారంరోజులు మంటగా ఉంది.

ఊఫర్ వైరు ఊడబీకి, చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, తాళం పెట్టేశాడు. మళ్ళీ ఆ తలుపు తియ్యలేదు.

ఇక ఆగస్టులో ఆ ఆదివారం. మర్నాడు రెండో నెల మాసికం. కూరలు తేవడానికి రత్నం స్టేషను బజారుకి వెళ్ళింది. దేవి హాల్లో చాపమీద నిద్రపోతోంది. పన్నెండింటికే మబ్బులు కమ్మి ఇల్లంతా చీకటైంది. వాన మొదలవగానే, బాగ్‌బేరాలో మామూలే, కరెంటు పోయింది. రేకుల మీద వాన హోరు. తడిసిన ప్లైవుడ్ వాసన, జిగురు వాసన. గౌరీశంకర్ అదే మంచం మీద, అదే దిండు మీద పడుకుని ఉన్నాడు.

ధన్... ధన్... ధన్.

యార్డులో షంటింగ్ అనుకుని పక్కకి తిరిగాడు.

మళ్ళీ మూడు. వాన హోరులో కూడా స్పష్టంగా ఉన్నాయి. చెవికి కాదు... మంచం కోళ్ళలోంచి పక్కటెముకలకి వస్తున్నాయి. గూడ్సు డబ్బాలు గుద్దుకుంటే వరసగా పదో పదిహేనో వినబడతాయి. మూడు లెక్కపెట్టుకుని ఆగవు.

మళ్ళీ మూడు.

అతని చెయ్యి దానంతటదే దిండు మీదికి వెళ్ళింది. వెళ్ళి... ఆగింది. ఈసారి కూడానా అనిపించింది. ఏడుపు ముంచుకొచ్చింది. లేచాడు.

హాల్లో దేవి పడుకునే ఉంది. క్యాబినెట్ తలుపు అదురుతోంది. తాళం కొక్కేనికి తగిలి టిక్కు టిక్కుమంటోంది. తాళంచెవి తెచ్చి తాళం విప్పాడు. తలుపు తీశాడు.

లోపల్నుంచి వేడిగాలి మొహాన కొట్టింది. కాలిన ఇనుము, మడ్డినూనె, చెమట... చిన్నప్పుడు తండ్రి డ్యూటీ నుంచి రాగానే ఎత్తుకుంటే వచ్చే వాసన. ఊఫర్ నల్లగా కూర్చుని ఉంది. వైరు చుట్ట మీద రబ్బరుబ్యాండు అలాగే ఉంది.

రెండు చేతులా దాన్ని పట్టుకుని బయటికి లాగాడు. మోసుకొచ్చి టీవీ పక్కన, మొదటిరోజు పెట్టినచోటే పెట్టి, ముందు కూలబడ్డాడు.

"అయ్యా... నాను పడుకోలేదు. ఇన్నాను. ఆ దినం అన్నీ ఇన్నాను... ఇనీ రాలేదు," అని గొణిగాడు.

చెవిటి మనిషికి గొణుగుడేమిటని అప్పుడు స్ఫురించింది. పెట్టెమీద అరచెయ్యి పెట్టాడు. కదలిక లేదు. చల్లబడుతోంది. రెండు నెలల తర్వాత మొదటిసారి గుండెల్నిండా ఊపిరి పీల్చాడు. తీరిపోయింది అనుకున్నాడు. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

వచ్చేసరికి దేవి లేచి ఉంది. అటు తిరిగి ఊఫర్ని హత్తుకుని, బుగ్గ ఆన్చి కూర్చుంది. తలూపుతోంది.

"దేవీ," అని పిలిచాడు.

తిరగలేదు. వాన హోరులో వినబడలేదనుకుని గట్టిగా పిలిచాడు. తిరగలేదు. ఇంతలో, ఎవరో కుళాయి కట్టేసినట్టు, వాన ఆగింది. రేకుల చూరునుంచి చుక్కలు పడుతున్న చప్పుడు కూడా వినబడుతోంది.

"దేవీ! ఏ దేవీ!"

పిల్ల తలూపుతూనే ఉంది... లేని పాటకి.

గౌరీశంకర్ గబగబా క్యాబినెట్ దగ్గరికి వెళ్ళాడు. ఇత్తడి తాళం ఎత్తి సిమెంటు నేలకేసి కొట్టాడు. ఇల్లంతా ఖంగుమంది. పిల్ల ఉలిక్కిపళ్ళేదు. తలూపడం ఆపలేదు. ఇంక ఒక్కటే మిగిలింది. వంగి అరచేత్తో నేలమీద మూడు దెబ్బలు కొట్టాడు.

దేవి తిరిగింది. నవ్వింది. పెట్టెమీద చిన్న చెయ్యెత్తి రెండు దెబ్బలు వేసింది. ఆపు.

"తాత ఇంటన్నాడు," అంది. ఇల్లెగిరిపోయేంత గట్టిగా అంది. ఎప్పుడూ హిందీ తప్ప మాట్లాడని పిల్ల.

"ఏటమ్మా... ఏటన్నావు?"

అతని పెదాల వైపు కళ్ళు చికిలించి చూసింది.

"అడిగినాడు. పెట్టి నువ్వియ్యలేదంట గదా. నా సెవులు నానిచ్చీసినాను."

అని, మళ్ళీ అటు తిరిగి పెట్టెకి బుగ్గ ఆన్చింది.

గేటు కిర్రుమంది. రెండు చేతుల్లో సంచులతో రత్నం వాకిట్లోకొచ్చి, చెప్పులు విడుస్తూ, "దేవీ! ఇలా రాయే, సంచి అందుకో!" అని కేకేసింది.

దేవి కదల్లేదు. ఊఫర్ లోపల్నుంచి, నెమ్మదిగా, ఒకే ఒక్క దెబ్బ వినిపించింది.