నాలుగో మెట్టు మీద ఓలినె

నూర్‌విక రేవులో టోర్లైఫ్ ఇంటికి వెళ్లినవాళ్లు వంటింట్లోనే కాఫీ తాగి లేచి వచ్చేస్తారు. పైగదిలోకి రమ్మంటే ఎవరికీ కాళ్లాడవు. వంటింటి నుంచి పైగదికి నాలుగే మెట్లు. ఆ నాలుగో మెట్టు మీద, పోయిన అతని భార్య ఓలినె ఉందంటారు.

పొద్దు పొడవని చీకటి నెలల్లో ఆ మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుందట. ఒకటి... రెండు... మూడు... ఆ వెంటనే ఎవరో బోర్లా పడినట్టు — ధబ్! అంతే. మళ్లీ లేచిన చప్పుడు ఉండదు.

మనుషులూ పడ్డారు. పాస్టరుగారికి ముందు పన్ను ఊడింది. ఉత్తరాలు తెచ్చే ఆవిడకి మణికట్టు విరిగింది. "చీలమండ పట్టుకుని లాగేసింది," అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

ఓలినె పోయిందీ అక్కడే. పన్నెండేళ్ల కిందట, ఉడికించిన కాడ్ చేపల పళ్లెం పట్టుకుని పైకెక్కుతూ పడింది. తాగి పడిందన్నారు. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో ఎవరికీ గుర్తులేదు.

హెర్దిస్‌కి ఓలినె పిన్ని. తల్లి పోయాక పెంచింది ఆవిడే. పిన్ని గొంతులో కాఫీ కంటే ఘాటైనది దిగగా హెర్దిస్ ఎన్నడూ చూడలేదు. ఆ మెట్లు కట్టేనాటికి హెర్దిస్ బోడో పట్నంలో వడ్రంగం నేర్చుకుంటోంది. సెలవులకి వచ్చినా వంటింట్లో పిన్ని పక్కనే కూర్చుని వెళ్లిపోయేది. పిన్ని పోయాక ఆ గడప తొక్కలేదు. ఊరు మోపిన ఆ నింద మాత్రం పన్నెండేళ్లయినా ఆమె మరిచిపోలేదు.

ఈ డిసెంబరులో మెట్లు బాగుచెయ్యమని టోర్లైఫే ఆమెకి కబురు పెట్టాడు. ఇల్లు అమ్మకానికి పెట్టాడట. చూడ్డానికి వచ్చిన ముగ్గురూ ఆ మెట్టు దగ్గరే తూలిపడి, కుంటుకుంటూ పడవెక్కారట.

"పలకలు అరిగాయి. కొత్తవి వేసెయ్, చాలు," అన్నాడు టోర్లైఫ్. "కొలతల జోలికి పోకు."

"ఏం బాబాయ్?"

"నా చేత్తో కట్టుకున్న మెట్లు. నాకు తెలీదా?"

కాఫీ కప్పు పట్టుకుని పైగదికి బయల్దేరాడు. అక్కడ దీపం లేదు. హెర్దిస్ వెనకనుంచి చూస్తోంది. ఒకటి... రెండు... మూడు... నాలుగో దాని దగ్గర అతని మోకాలు కాస్త ఎక్కువ లేచింది. కిందికి చూడకుండానే.

కప్పులో కాఫీ తొణకలేదు.

హెర్దిస్ టేపు తీసింది. మొదటి మూడు మెట్లూ పద్దెనిమిదేసి సెంటీమీటర్లు. నాలుగోది ఇరవై ఒకటి. పైగది అంచున ఒక పలక పెకలించింది. కింద పాత నేల, దాని మీద మూడు సెంటీమీటర్ల మందాన మరో వరస పలకలు. మెట్లు కట్టేశాక పరిచినవి.

నేల పరిచాకే మెట్లు కొలవాలని పని నేర్చుకునే మొదటి వారమే చెబుతారు. మొదటి రెండు మెట్లు ఎక్కేసరికే కాలు ఒక అంచనాకి వస్తుంది. ఆ తర్వాత మూడు సెంటీమీటర్లు తేడా వస్తే — బొటనవేలు తన్నుకుంటుంది. దానికి ఏ చెయ్యీ అక్కర్లేదు.

"పిన్నికి తెలుసా ఇది?"

టోర్లైఫ్ ఇంకో గుటక కాఫీ తాగాడు.

"నీకు తెలుసు. నీ మోకాలే చెప్పింది."

"...రోజూ సణిగేది. వసంతం రానీ, విప్పి కడతానన్నాను."

"ఎన్ని వసంతాలు?"

"ఆరు."

"తాగి పడిందని ఎవరన్నారు?"

టోర్లైఫ్ కప్పులోకి చూశాడు. "పోయినదానికి పరువేంటి హెర్దిస్? నేను ఈ ఊళ్లో బతకాలి కదా."

సుత్తి ఆమె చేతిలోనే ఉంది. దాన్ని ఆమె మెట్ల మీదే ఎత్తింది. అతను అరుస్తూనే ఉన్నాడు, ఆమె పెకలిస్తూనే ఉంది.

"పాస్టరుగారికి రేపు నేనే చెబుతాను," అంది, మేకులు ఏరుతూ. "ఆ ఉత్తరాలావిడకీ చెబుతాను. కొలతలు కాగితం మీద పెట్టి మరీ చూపిస్తాను."

మొత్తం ఎత్తు డెబ్బై ఐదు సెంటీమీటర్లు. నాలుగు మెట్లు — ఒక్కొక్కటీ పద్దెనిమిదీ ముప్పావు. వెంట్రుకవాసి తేడా లేకుండా కోసింది, బిగించింది.

రెండోరోజు మధ్యాహ్నం మూడింటికి పని అయింది. బయట పొద్దున్నుంచీ ఒకటే చీకటి. టోర్లైఫ్ పైగదిలో, మెట్లకి వీపు తిప్పి కుర్చీలో కూర్చున్నాడు. హెర్దిస్ సామాన్లు పెట్టెలో సర్దుకుంది. వంటింటి దీపం ఆర్పి, వీధి తలుపు తీసింది.

వెనక... ఒకటి.

హెర్దిస్ గడప దగ్గరే ఆగిపోయింది.

రెండు... మూడు...

ధబ్ అనే చప్పుడు కోసం ఆమె చెవులు ఎదురుచూశాయి. అది రాలేదు.

నాలుగు.

ఆ తర్వాత పైగది పలకల మీద అడుగులు — తీరిగ్గా, తొందరేమీ లేకుండా... కుర్చీ వైపు.

"హెర్దిస్..." పైనుంచి గుసగుస. "పైకొచ్చింది నువ్వేనా?"

అప్పటికే ఆమె ఒక కాలు బయట మంచులో ఉంది.

"నేను కిందే ఉన్నాను బాబాయ్," అంది.

తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.